లైట్లు పైకి లేచే ఆ చిన్న కారు కొనాలనుందా? ఇంజిన్ కాదు.. ముందు కార్పెట్ ఎత్తి చూడండి!

రాత్రి పడుకునే ముందు ఫోన్‌లో రీల్స్ తిప్పుతుంటే ఓ చిన్న ఎర్ర కారు కనిపిస్తుంది. పైకప్పు తీసేసి ఉంటుంది. సీట్లు రెండే. బటన్ నొక్కగానే బానెట్ మీద రెండు లైట్లు కళ్లు తెరిచినట్టు పైకి లేస్తాయి. పదిహేను సెకన్ల వీడియో.. అంతే! కింద కామెంట్లలో ఒకటే గోల. "బ్రో, ఇది ఏ కారు? ఎంతకి వస్తుంది?"

ఆ కారు పేరు మజ్దా ఎంఎక్స్-5. అమెరికాలో మియాటా అని పిలుస్తారు. మజ్దా అనగానే మనవాళ్లకు స్వరాజ్ మజ్దా స్కూలు బస్సులు, లారీలు గుర్తొస్తాయి. అదే మజ్దా ఇది. కాకపోతే ఆ కంపెనీ కార్లు మన దేశంలో అమ్మలేదు కాబట్టి మియాటా మన రోడ్ల మీద కనిపించడం చాలా అరుదు. అమెరికా, బ్రిటన్, జపాన్‌లో మాత్రం పాత స్పోర్ట్స్ కారు హాబీ మొదలుపెట్టేవాళ్లకు చాలామంది ముందుగా చెప్పే పేరు ఇదే. డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ వీకెండ్‌కి ఓ సరదా బండి కావాలనుకునే మన కుర్రాళ్ల లిస్టులో కూడా ఇది ఉంటుంది.

మరి 30 ఏళ్లు దాటిన కారు కొంటే సరదా మిగులుతుందా? లేక చేతి చమురు వదులుతుందా? రెండూ జరుగుతాయి. ఏది జరుగుతుందన్నది కొనేరోజు మీరు కారులో ఏ భాగం చూశారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. చాలామంది చూసేది ఇంజిన్. చూడాల్సింది అది కాదు.

ఇంతకీ ఈ కారులో ఏముంది?

1960ల్లో బ్రిటన్ నుంచి ఎంజీ, ట్రయంఫ్, లోటస్ ఎలాన్ లాంటి చిన్న రెండు సీట్ల కార్లు వచ్చేవి. తేలిగ్గా ఉండేవి, మలుపుల్లో మజాగా తిరిగేవి. కానీ ఆయిల్ కారేది. వైరింగ్ మొండికేసేది. వాన పడితే స్టార్ట్ అవుతుందో లేదో దేవుడికే తెలియాలి! 1980ల నాటికి ఈ తరహా కార్లు దాదాపు మాయమైపోయాయి. అలాంటి కారు మళ్లీ చేయండని బాబ్ హాల్ అనే అమెరికన్ ఆటోమొబైల్ జర్నలిస్ట్ మజ్దా పెద్దల్లో ఒకరైన కెనిచి యమమోటోకి చెప్పారు. తర్వాత ఆయనే మజ్దాలో చేరారు. అలా మొదలైన ఆలోచన 1989 ఫిబ్రవరిలో చికాగో ఆటో షోలో కారుగా బయటకొచ్చింది. అప్పట్లో దాని ధర 13,800 డాలర్లు. డిమాండ్ ఎంతలా ఉందంటే కొందరు డీలర్లు అసలు ధర మీద అదనంగా వసూలు చేశారు.

స్పెసిఫికేషన్ చూస్తే మాత్రం ఇప్పటి కుర్రాళ్లు నవ్వుతారు. 1.6 లీటర్ పెట్రోల్ ఇంజిన్. 116 హార్స్‌పవర్. ఇప్పుడు మన రోడ్ల మీద తిరిగే క్రెటా 1.5 పెట్రోల్ కూడా దాదాపు ఇంతే పవర్ ఇస్తుంది. అసలు ట్విస్ట్ బరువులో ఉంది. తొలి మియాటా బరువు 950 కిలోల చుట్టుపక్కల. ఇంజిన్ ముందు, నడిపేది వెనక చక్రాలు, చేతికి అందేంత దగ్గరలో పొట్టి గేర్ రాడ్. దీన్ని తయారు చేసిన ఇంజినీర్లు పెట్టుకున్న సూత్రం 'జిన్బా ఇత్తై'. అంటే గుర్రం, రౌతు ఒకటే ప్రాణం అన్నట్టు ఉండాలని. మన 'రౌతు కొద్దీ గుర్రం' సామెత ఇక్కడ బాగానే నప్పుతుంది. ఎందుకంటే ఈ కారు డ్రైవర్ చేసే తప్పు, ఒప్పు రెండింటినీ దాచకుండా చూపిస్తుంది.

400 హార్స్‌పవర్ కారులో మజా రావాలంటే ట్రాక్ కావాలి, లేదంటే చలానా కట్టడానికి సిద్ధపడాలి. మియాటాలో గంటకు 60 కిలోమీటర్ల వేగంతో ఓ మలుపు తిరిగితే చాలు, ముఖం మీద నవ్వొస్తుంది. నేలకు అంత దగ్గరగా కూర్చుంటే 60 కూడా వందలా అనిపిస్తుంది మరి. పాత స్పోర్ట్స్ కార్లు ఇష్టపడేవాళ్లు నెమ్మదైన కారుని వేగంగా నడపడంలోనే కిక్ ఉందంటారు. వాళ్లు చెప్పేది దీని గురించే.

ఇంకో సంగతి. 2016 నాటికి ఈ కారు మొత్తం 10 లక్షలు తయారైంది. రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో అత్యధికంగా అమ్ముడైనదిగా గిన్నిస్ రికార్డు కూడా దీని పేరు మీదే ఉంది. ఇదేదో గొప్ప కోసం చెప్పే మాట కాదు. పాత కారు కొనేవాడికి ఈ అంకె చాలా ముఖ్యం. పది లక్షల కార్లు తిరిగాయంటే స్పేర్ పార్టులు దొరుకుతాయి, పని తెలిసిన మెకానిక్‌లు దొరుకుతారు, ఏ సమస్యకు ఏ మందో ఎవరో ఒకరు అప్పటికే కనిపెట్టి ఉంటారు. 2017లో మజ్దా కంపెనీయే జపాన్‌లో తొలి తరం కార్లను పాత రూపానికి తెచ్చే రీస్టోరేషన్ స్కీమ్ ప్రకటించింది. ఆగిపోయిన కొన్ని పార్టుల తయారీ కూడా మళ్లీ మొదలుపెట్టింది.

మెరుపు చూసి మోసపోయేది ఇక్కడే!

అమ్మకానికి పెట్టిన కారు ఫోటోలు ఎప్పుడైనా గమనించారా? సాయంత్రం ఎండలో నిలబెట్టి, పాలిష్ కొట్టి, టైర్లకు నల్లరంగు రాసి తీస్తారు. చూడ్డానికి వెళ్తే ఓనర్ ముందుగా బానెట్ ఎత్తుతాడు. కడిగి తుడిచిన ఇంజిన్ మెరిసిపోతుంటుంది. స్టార్ట్ చేస్తాడు, యాక్సిలరేటర్ రెండుసార్లు తొక్కుతాడు. ఆ సౌండ్‌కి సగం మంది పడిపోతారు.

నిజానికి మియాటాలో గట్టి భాగం ఆ ఇంజినే. ఆయిల్ సరిగ్గా మార్చుకుంటే లక్షన్నర మైళ్లు దాటినా నడుస్తుంది. ఒకవేళ పోయినా ఇంకో పాత ఇంజిన్ తెచ్చి పెట్టుకోవచ్చు. తెచ్చి పెట్టుకోలేనిది బాడీ. దాన్ని తినేసేది తుప్పు.

ఈ కారుకు తుప్పు ఎలా పడుతుందో తెలిస్తే ఎక్కడ చూడాలో కూడా తెలిసిపోతుంది. మడతపెట్టే క్లాత్ రూఫ్ మీద పడిన వాన నీళ్లు వెనక్కి జారి, సీట్ల వెనక రెండు మూలల్లో ఉన్న సన్నని డ్రెయిన్ గొట్టాల్లోంచి కిందకు పోవాలి. కారు చెట్టు కింద పెడితే ఎండుటాకులు, దుమ్ము ఆ గొట్టాల్లో ఇరుక్కుంటాయి. మన డాబాల మీద తూము మూసుకుపోతే నీళ్లు నిలిచి గోడల్లోకి దిగవా.. అచ్చం అలాగే! నీళ్లు డోర్ కింద, మనం కాలు దాటించి లోపలికి ఎక్కే ఆ గుమ్మం లాంటి భాగంలోకి చేరతాయి. మెకానిక్‌లు దాన్ని సిల్ అంటారు. లోపల బోలుగా ఉండే ఇనుప రేకు అది. కారుకు బలం ఇచ్చే వాటిలో ముఖ్యమైనది. పైకప్పు లేని కారు కాబట్టి ఇంకా ముఖ్యం. నీళ్లు లోపల నిలిచి, లోపలి నుంచే తుప్పు మొదలవుతుంది. బయట పెయింట్ మీద చిన్న బుడగ కనిపించేసరికి లోపల రేకు అప్పడంలా అయిపోయి ఉంటుంది.

అందుకే కారు దగ్గరకు వెళ్లగానే బానెట్ జోలికి పోకండి. ఓనర్‌ని అడిగి సీటు వెనక కార్పెట్ ఎత్తి చూడండి. చెయ్యి పెట్టి చూస్తే తడిగా ఉందా? ముక్క వాసన వస్తోందా? ఆ వాసనే సగం రిపోర్ట్ చెప్పేస్తుంది. తర్వాత వెనక చక్రానికి ముందు, డోర్ చివర కింద వేళ్లతో గట్టిగా నొక్కండి. వేలి గణుపుతో తట్టండి. గట్టి రేకు టంగుమంటుంది. కుళ్లిన రేకు చప్పగా, ఎండుటాకు నలిగినట్టు పలుకుతుంది. ఒక చిన్న అయస్కాంతం జేబులో వేసుకెళ్లండి. పలచటి గుడ్డ చుట్టి సిల్ పొడవునా జరపండి. ఎక్కడైనా అతుక్కోకుండా జారిపోతే అక్కడ ఇనుము లేదు, పుట్టీ పూశారని అర్థం.

కారు అడుగున కొత్తగా నల్లటి అండర్‌కోటింగ్ దట్టంగా కొట్టి ఉంటే ఇంకా అనుమానించాల్సిందే. మంచి ఓనర్లు కూడా అండర్‌కోటింగ్ కొట్టిస్తారు, కాదనలేం. కానీ వాళ్ల దగ్గర పని చేయించిన బిల్లు, ముందు తీసిన ఫోటోలు ఉంటాయి. అమ్మడానికి వారం ముందు కొట్టిన నలుపు వేరే కథ. ఇక ఓనర్ ఒప్పుకుంటే ఓ గ్లాసు నీళ్లు ఆ డ్రెయిన్ మూలలో నెమ్మదిగా పోయండి. వెనక చక్రం ముందు కింద నీళ్లు కారాయా, గొట్టం బాగుంది. కారలేదంటే ఆ నీళ్లు ఎక్కడికెళ్లాయో ఇప్పుడు మీకు తెలుసు.

1998లో వచ్చిన రెండో తరం కారులో లైట్లు పైకి లేవవు, మామూలుగా ఉంటాయి. ఫోటోల్లో క్రేజ్ తక్కువ కాబట్టి చాలాచోట్ల మొదటి తరం కంటే చవగ్గా దొరుకుతుంది. కానీ దానికి ఇంకో జబ్బుంది. ఇంజిన్ పక్కన ముందుకు వెళ్లే ఛాసిస్ రైల్స్ కూడా లోపల నుంచి తుప్పు పడతాయి. ముఖ్యంగా బ్రిటన్ కార్లలో ఇది పెద్ద తలనొప్పి. కారుని లిఫ్ట్ మీద ఎక్కించి కింద నుంచి చూస్తే తప్ప కనిపించదు.

ఓ లెక్క వేసుకుందాం. ఊరికే ఉదాహరణకే. ఒక కారు 6 వేల డాలర్లు.. పెయింట్ మెరిసిపోతోంది, సిల్స్ మాత్రం కుళ్లాయి. ఇంకోటి 9 వేల డాలర్లు.. పెయింట్ వెలిసింది, సీటు చిరిగింది, అడుగు మాత్రం శుభ్రంగా ఉంది. మొదటిది కొంటే 3 వేలు మిగిలాయని సంబరపడతారు. అమెరికాలో మంచి వర్క్‌షాప్‌లో గంట కూలీనే వంద డాలర్లు దాటుతుంది. రెండు పక్కలా కుళ్లిన రేకు కోసేసి, కొత్తది వెల్డింగ్ చేసి, మళ్లీ పెయింట్ వేయడమంటే రోజుల తరబడి సాగే పని. మిగిలిన 3 వేలు అక్కడే ఆవిరి! పెయింట్, సీటు కవర్ల సంగతి అలా కాదు. చేతిలో డబ్బున్నప్పుడు చేయించుకోవచ్చు, చేయించకపోయినా కారు హాయిగా తిరుగుతుంది.

ఇప్పుడు బానెట్ ఎత్తండి

కారు చూడ్డానికి వస్తున్నానని చెప్పేటప్పుడే "నేనొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు" అని అడగండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉందంటే చల్లటి ఇంజిన్ చేసే సౌండ్ మీకు వినిపించడం ఆయనకు ఇష్టం లేదన్నమాట.

స్టార్ట్ చేయగానే టిక్ టిక్ మని కుట్టుమిషన్ సౌండ్ వస్తే కంగారుపడొద్దు. తొలి తరం ఇంజిన్లలో హైడ్రాలిక్ లిఫ్టర్లు ఉంటాయి. పాత ఆయిల్‌తో, చల్లగా ఉన్నప్పుడు అవి అలా కొట్టుకుంటాయి. చాలావరకు మంచి ఆయిల్ మార్చి, ఓ లాంగ్ డ్రైవ్ వెళ్తే తగ్గిపోతుంది. నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ తాగుతోందని అర్థం. వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే కూలెంట్ లోపలికి పోతోందేమో అని అనుమానించాలి. ఆ రెండింట్లో ఏది కనిపించినా బేరం గురించి మళ్లీ ఆలోచించాలి.

1989 నుంచి 1991 మధ్య వరకు వచ్చిన కార్లకు మాత్రమే ఉన్న ఓ సమస్య ఉంది. దాని పేరు షార్ట్ నోస్ క్రాంక్. ఇంజిన్ ముందు తిరిగే పుల్లీని పట్టి ఉంచే క్రాంక్ షాఫ్ట్ కొస పొట్టిగా ఉంటుంది. బోల్టు సరిగ్గా బిగించకపోతే లోపలున్న చిన్న కీ అరిగి, పుల్లీ ఊగడం మొదలవుతుంది. టైమింగ్ తప్పుతుంది, పవర్ పోతుంది. ముదిరితే క్రాంక్ షాఫ్టే మార్చాలి. గుర్తుపట్టడం మాత్రం తేలిక. పుల్లీ మధ్యలో కనిపించే గాట్లు లెక్కపెట్టండి. నాలుగుంటే షార్ట్ నోస్, ఎనిమిదుంటే తర్వాత వచ్చిన మెరుగైన రకం. నాలుగున్న కార్లన్నీ పాడైనవని కాదు. ఇంజిన్ ఆన్‌లో ఉన్నప్పుడు పుల్లీ ఊగకుండా తిరుగుతుంటే, టైమింగ్ బెల్ట్ పని తెలిసినవాడి చేత చేయించుంటే అవీ బాగానే నడుస్తున్నాయి.

టైమింగ్ బెల్ట్ అంటే గుర్తొచ్చింది. దీన్ని దాదాపు 60 వేల మైళ్లకోసారి మార్చాలి. చాలా కార్లలో ఈ బెల్ట్ తెగితే వాల్వులు పిస్టన్లకు కొట్టుకుని ఇంజినే పోతుంది. తొలి తరం మియాటాలో అలా కాదు. బెల్ట్ తెగితే కారు రోడ్డు పక్కన ఆగిపోతుందంతే, ఇంజిన్ లోపల దెబ్బతినదు. అలా అని వాయిదా వేయకండి. బెల్ట్ మార్చేటప్పుడే వాటర్ పంప్ కూడా మార్పిస్తే రెండోసారి విప్పే కూలీ తప్పుతుంది.

ఇంకో చిన్న విషయంలో చాలామంది అనవసరంగా భయపడతారు. ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోట ఆయిల్ కారుతుంటే "రియర్ మెయిన్ సీల్ పోయింది, గేర్‌బాక్స్ దించాలి" అని ఎస్టిమేట్ రాసిస్తారు. నిజంగా అదే కావొచ్చు. కానీ ఈ కారులో ఇంజిన్ హెడ్ వెనక, క్యాబిన్ గోడకు ఆనుకుని క్యామ్ యాంగిల్ సెన్సర్ ఉంటుంది. దాని రబ్బరు రింగ్ గట్టిపడినా ఆయిల్ సరిగ్గా అక్కడి నుంచే కిందకి జారి, అదే చోట కారుతుంది. ఆ రింగ్ ధర చాలా తక్కువ. ముందు దాన్ని మార్చి, తుడిచి, వారం తర్వాత మళ్లీ చూడమని మెకానిక్‌కు చెప్పండి. క్లచ్ పెడల్ మెత్తగా దిగిపోతే ప్లేట్లు పోయాయని అనుకునే ముందు కింద ఉండే స్లేవ్ సిలిండర్ లీకవుతోందేమో చూడాలి. ఈ కారులో తరచూ పోయేది అదే, చవగ్గా అయిపోయేదీ అదే.

చవగ్గా వచ్చిందని పోర్షే కొంటే?

ఈ ప్రశ్న రాక మానదు. మియాటా మీద కాస్త డబ్బు కలిపితే పాత పోర్షే బాక్‌స్టర్ వస్తుంది కదా? వస్తుంది. పోర్షే బ్యాడ్జి, వెనక సిక్స్ సిలిండర్ ఇంజిన్, ఆ సౌండ్.. ఎవరికి చేదు!

కాకపోతే ఒక్కటి మర్చిపోవద్దు. కారు వయసు పెరిగితే కారు ధర పడుతుంది గానీ పార్టుల ధర పడదు. కొత్తగా ఉన్నప్పుడు ఖరీదైన కారు ముసలిదయ్యాక కూడా ఖరీదైన పార్టులే అడుగుతుంది. 1990ల చివర్లో వచ్చిన తొలి బాక్‌స్టర్లలో ఐఎంఎస్ బేరింగ్ అని ఇంజిన్ లోపల ఓ భాగం ఉంటుంది. అన్ని కార్లలో పోదు. కానీ పోయిందంటే ఇంజిన్‌నే తీసుకుపోతుంది. అప్పుడు ఇంజిన్ ఖర్చు కారు కొన్న ధరను దాటిపోవచ్చు. అందుకే ఆ కార్ల మీద అవగాహన ఉన్నవాళ్లు క్లచ్ మార్చడానికి విప్పినప్పుడే ఆ బేరింగ్ కూడా మార్పిస్తారు, ఆ బిల్లు జాగ్రత్తగా దాచుకుంటారు. బిల్లు లేని బాక్‌స్టర్ చవగ్గా వస్తోందంటే కారణం అదే కావొచ్చు.

బ్యాంకులో ఉన్నదంతా ఊడ్చి కారు కొనేవాళ్లకు ఈ హాబీ చాలా తొందరగా చేదెక్కుతుంది. పది రూపాయలుంటే ఏడు రూపాయల కారే కొనాలి. మిగిలిన మూడు మొదటి ఏడాది రిపేర్లకు కచ్చితంగా పనికొస్తాయి.

ఉప్పు రోడ్లున్న ఊరి కారా? ఎండ ఊరి కారా?

అమెరికాలో ఉన్నవాళ్లు కారు ఏ రాష్ట్రంలో పెరిగిందో ముందు అడగాలి. చికాగో, డెట్రాయిట్, న్యూజెర్సీ వైపు చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లు కారు అడుగుని నాలుగైదు చలికాలాల్లోనే కొరికేస్తాయి. టెక్సాస్, కాలిఫోర్నియా, అరిజోనా కార్లకు ఈ బాధ తక్కువ. అక్కడ ఎండకు డాష్‌బోర్డు పగులుతుంది, రూఫ్ క్లాత్ పాడవుతుంది, పెయింట్ వెలుస్తుంది. పైన చెప్పుకున్న లెక్క ప్రకారం అవన్నీ బాగుచేసుకోదగ్గవే. న్యూజెర్సీలో ఉంటూ డాలస్ నుంచి కారు తెప్పించుకుంటే ట్రక్కు ఖర్చు అదనంగా పడినా చాలాసార్లు లాభమే. వైజాగ్ బీచ్ రోడ్డు పక్కన కిటికీ గ్రిల్స్ ఎంత త్వరగా తుప్పు పడతాయో, హైదరాబాద్‌లో ఎన్నేళ్లు నిలుస్తాయో చూసినవాళ్లకు ఈ మాట విడమర్చి చెప్పక్కర్లేదు.

దూరం నుంచి కొంటుంటే అక్కడున్న ఓ స్వతంత్ర మెకానిక్‌కు డబ్బిచ్చి ఇన్‌స్పెక్షన్ చేయించాలి. అమ్మేవాళ్లు చెప్పిన షెడ్డు కాకుండా మీరు వెతికిన షెడ్డు అయ్యుండాలి. వీఐఎన్ నంబర్‌తో హిస్టరీ రిపోర్ట్ తీయించుకోండి. టైటిల్ మీద సాల్వేజ్ అని ఉంటే.. అంటే యాక్సిడెంట్ లేదా వరదల తర్వాత ఇన్సూరెన్స్ కంపెనీ ఓసారి వదిలేసిన బండి అయితే.. తొలిసారి కొనేవాళ్లు దూరంగా ఉండటమే మంచిది.

ఇన్సూరెన్స్‌లో కూడా ఓ కిటుకు ఉంది. మామూలు పాలసీలో పాత కారుకు యాక్సిడెంట్ అయితే కంపెనీ లెక్కగట్టిన తరుగు ధరే చేతికొస్తుంది. క్లాసిక్ కార్ల పాలసీలో అగ్రీడ్ వ్యాల్యూ ఉంటుంది. కారు విలువ ఇంత అని ముందే ఇద్దరూ ఒప్పుకుంటారు. పైగా ప్రీమియం చాలాసార్లు తక్కువే. షరతులు మాత్రం ఉంటాయి. రోజూ ఆఫీసుకు వెళ్లడానికి వేరే కారు ఉండాలి, దీన్ని గ్యారేజీలో పెట్టాలి, తిరిగే మైళ్లకు పరిమితి ఉండొచ్చు.

ఇంటికి తెచ్చాక..

తెచ్చిన రోజే రూఫ్ దించి హైవే ఎక్కేయాలనిపిస్తుంది. ఒక్క వారం ఆగితే మంచిది. ఇంజిన్ ఆయిల్, గేర్ ఆయిల్, వెనక డిఫరెన్షియల్ ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఫ్లూయిడ్.. అన్నీ మార్చేయండి. పాత ఓనర్ "మొన్ననే మార్చా" అన్నా సరే, బిల్లు చూపించకపోతే మార్చనట్టే లెక్క. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కితే ఆ తేమ ఆవిరవుతుంది, పెడల్ నేలకు తగులుతుంది. రెండేళ్లకోసారి మార్చాలనేది అందుకే.

టైర్ల విషయంలో కక్కుర్తి అస్సలు వద్దు. పాత స్పోర్ట్స్ కార్లు ఏడాదిలో తిరిగేది తక్కువ కాబట్టి గాట్లు కొత్తగానే కనిపిస్తాయి. కానీ రబ్బరు రాయిలా గట్టిపడి ఉంటుంది. టైరు పక్కన డాట్ కోడ్ చివర నాలుగంకెలు చూడండి. 2314 అని ఉంటే 2014వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. అలాంటి టైర్లతో వానలో మలుపు తిరిగితే ఏమవుతుంది? ఈ కారులో ఇప్పటి కార్లలా జారకుండా కాపాడే స్టెబిలిటీ కంట్రోల్ లేదు. వెనక చక్రాలు నడిపే తేలికపాటి కారు. వెనక భాగం గిర్రున తిరుగుతుంది. తల మీద ఉన్నది గుడ్డ రూఫ్ అన్నది గుర్తుంచుకోవాలి. పాత మియాటా కొన్నవాళ్లలో కొందరు సౌండ్ సిస్టమ్ కంటే ముందు మంచి టైర్లు, రోల్ బార్ కొనడం వెనక కారణం ఇదే.

మిగతావి చిన్న అలవాట్లు. వెనక కిటికీ ప్లాస్టిక్‌ది, చుట్టూ జిప్పు ఉంటుంది. రూఫ్ మడిచే ముందు జిప్పు తీసి కిటికీని పడుకోబెట్టాలి. అలా చేయకపోతే ముడతపడి పగులుతుంది. బ్యాటరీ డిక్కీలో ఉంటుంది. అందుకే గ్యాస్ బయటకు పంపే గొట్టం ఉన్న సీల్డ్ రకమే వేయాలి. చవక బ్యాటరీ పెడితే ఆ ఆవిరికి డిక్కీలో తుప్పు మొదలవుతుంది. లైట్లు ఎప్పుడైనా పైకి లేవకుండా మొండికేస్తే భయం లేదు. లోపల మోటారు మీద రబ్బరు మూత కింద చిన్న నాబ్ ఉంటుంది, చేత్తో తిప్పి లేపొచ్చు. ఆ తూములు మాత్రం వాన సీజన్ ముందు ఓసారి, తర్వాత ఓసారి మెత్తటి ప్లాస్టిక్ తీగతో శుభ్రం చేసుకోవాలి. అర్ధగంట పని.

అపురూపమైన కారు కదా అని కవర్ కప్పి నెలల తరబడి వదిలేస్తే అంతకంటే పెద్ద తప్పు లేదు. ట్యాంకులో పెట్రోల్ పాతబడుతుంది, రబ్బరు సీళ్లు ఎండుతాయి, బ్రేకులు పట్టేస్తాయి, ఎలుకలు వైర్లు కొరుకుతాయి. వారం పది రోజులకోసారి ఇంజిన్ పూర్తిగా వేడెక్కేలా ఓ అరగంటైనా తిప్పాలి. ఊరికే స్టార్ట్ చేసి ఐదు నిమిషాల్లో ఆపేస్తే మేలు కంటే కీడే ఎక్కువ. ఆదివారం పొద్దున్నే, ట్రాఫిక్ లేనప్పుడు, రూఫ్ దించి ఓ ముప్పై మైళ్లు వెళ్లి కాఫీ తాగొస్తే అటు సరదా, ఇటు మెయింటెనెన్స్ రెండూ అయిపోతాయి.

మరి ఇక్కడ.. మన సంగతేంటి?

హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో ఉండి ఇదంతా చదువుతున్నవాళ్లకు కొంచెం నిరాశ తప్పదు. మన ఇంపోర్ట్ రూల్స్ ప్రకారం మామూలుగా తెప్పించుకునే వాడిన కారు మూడేళ్ల కంటే పాతది కాకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి. 1990 మోడల్ మియాటా ఆ దారిలో రాదు. వింటేజ్ కింద చూపిద్దామా అంటే, 2021లో కేంద్రం తెచ్చిన రూల్స్‌లో వింటేజ్ అంటే కనీసం 50 ఏళ్లు నిండిన బండి. ఆ లెక్కన 1989 కారుకు 2039 దాకా ఆ హోదా రాదు. అసలు వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు 20 వేల రూపాయలు ఫీజు, పదేళ్ల గడువు, నంబర్ ప్లేట్ మీద 'వీఏ' అక్షరాలు.. ఇంత చేసినా రోజువారీగా రోడ్డు మీద తిప్పడానికి వీల్లేదు. ర్యాలీలు, ప్రదర్శనలు, రిపేర్లు, పెట్రోల్ కొట్టించుకోవడం వరకే. చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం 1912 రోల్స్ రాయిస్ లాంటి వాటిని కాపాడుకోవడానికి ఉద్దేశించిన రూల్స్ అవి.

అందుకే మన దగ్గర ఈ హాబీ వేరే కార్ల చుట్టూ తిరుగుతోంది. 2001లో వచ్చిన ఫియట్ పాలియో 1.6, 2000ల మొదట్లో హోండా సిటీ వీటెక్, ఫోర్డ్ ఐకాన్ 1.6, మిత్సుబిషి సెడియా.. పేరుకు ఇవి స్పోర్ట్స్ కార్లు కావు. కానీ ఆ రోజుల్లో వంద హార్స్‌పవర్ అంటే మాటలా! నిజంగా రెండు సీట్ల కారే కావాలంటే గోవాలో తయారైన శాన్ స్టార్మ్ ఉంది. దాని బాడీ ఫైబర్‌గ్లాస్‌ది కాబట్టి పై రేకుకు తుప్పు భయం లేదు, కింద ఛాసిస్ మాత్రం చూసుకోవాలి. దొరకడమే కష్టం.

వీటికి కూడా కార్పెట్ సూత్రమే వర్తిస్తుంది. ముఖ్యంగా కాకినాడ, మచిలీపట్నం, వైజాగ్ వైపు తిరిగిన బండి అయితే అడుగు చూడకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు. ఫియట్ కార్ల అమ్మకాలు మన దేశంలో ఆగిపోయాయి కాబట్టి పాలియో కొనేవాళ్లు పార్టులు ఎక్కడ దొరుకుతాయో తెలుసుకున్నాకే ముందుకెళ్లాలి. కొందరైతే పార్టుల కోసమే రెండో పాలియో కొని షెడ్డులో పెట్టుకుంటారు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట టింకరింగ్ చేసే పాత చేతులు ఇంకా ఉన్నాయి. రేకు పని అమెరికాతో పోలిస్తే మన దగ్గర చాలా చవక. ఈ ఒక్క విషయంలో మనమే అదృష్టవంతులం.

కాగితాల విషయంలో మాత్రం జాగ్రత్త. 15 ఏళ్లు నిండిన కారుకు ఫిట్‌నెస్ టెస్ట్ చేయించి ఆర్సీ రెన్యువల్ చేయించుకోవాలి, అది ఐదేళ్లు చెల్లుతుంది. 2022 ఏప్రిల్ నుంచి కారు రెన్యువల్ ఫీజు 600 నుంచి 5 వేల రూపాయలకు పెరిగింది. 2025 ఆగస్టులో వచ్చిన మార్పుతో 20 ఏళ్లు దాటిన కార్లకు 10 వేలు, ఇంపోర్టెడ్ కార్లకైతే 80 వేలు అయింది. గ్రీన్ ట్యాక్స్ అదనం. పాలియో, వీటెక్ సిటీ రెండూ ఇప్పుడు ఆ 20 ఏళ్ల గీత దాటినవే కాబట్టి బేరం ఆడేటప్పుడు ఈ ఫీజు కూడా లెక్కలో వేసుకోవాలి.

ఇంజిన్ మార్చిన బండి అయితే ఆర్సీలో ఆ మార్పు ఎక్కిందో లేదో చూడాలి. కంపెనీ ఇచ్చిన రూపం నుంచి బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. ఎంపరివాహన్ యాప్‌లో నంబర్ కొడితే రిజిస్ట్రేషన్ ఎప్పటిదాకా ఉందో, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ గడువు ఎప్పుడో ఫోన్‌లోనే తెలిసిపోతుంది. ఛాసిస్ నంబర్ మాత్రం ఫోన్‌లో చూస్తే చాలదు. బండి మీద పంచ్ చేసిన అంకెలు గుడ్డతో తుడిచి, ఆర్సీ పక్కన పెట్టుకుని ఒక్కో అంకె సరిచూసుకోవాలి. అవి తుప్పులో కలిసిపోయి చదవడానికి రాకుండా ఉంటే ఫిట్‌నెస్ దగ్గరే బండి ఆగిపోతుంది.